కాళ్ల కింద 6,371 కిలోమీటర్లు: మీ ప్రశ్నలకు జవాబులు

భూమి లోపలి పొరల గురించి విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎనిమిదింటిని ఈ నెలకు తీసుకున్నాం. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు సరిపోయింది. కొన్నిటికి కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవాలి.

మనిషి తవ్విన అతి లోతైన బావి 12 కిలోమీటర్లేనని మా సారు చెప్పారు. మరి 2,900 కిలోమీటర్ల దగ్గర ఒక పొర, 5,150 దగ్గర ఇంకో పొర అని పుస్తకంలో అంత కచ్చితంగా ఎలా రాశారు? ఎవరైనా చూశారా?
— పదో తరగతి విద్యార్థిని, సత్యనారాయణపురం, విజయవాడ

ఎవరూ చూడలేదమ్మా. మీ సారు చెప్పింది నిజమే. రష్యాలోని కోలా ద్వీపకల్పంలో 1970లో మొదలుపెట్టిన బోరు 1989 నాటికి 12,262 మీటర్లకు చేరి ఆగిపోయింది. అక్కడ 100 డిగ్రీలు ఉంటుందనుకుంటే 180 డిగ్రీలు తగిలింది. ఆ వేడికి రాయి మెత్తబడి, తవ్వే మొన (బిట్టు) పైకి తీయగానే రంధ్రం మూసుకుపోవడం మొదలైంది.

ఆ 12 కిలోమీటర్లు ఎంతో చూద్దాం. భూమి ఉపరితలం నుంచి కేంద్రం దాకా ఉన్న 6,371 కిలోమీటర్లను విజయవాడ బస్టాండు నుంచి గుంటూరుకు ఉన్న 33 కిలోమీటర్ల దారిగా కుదించుకోండి. కోలా బోరు 60 మీటర్లు దాటి కాస్త ముందుకు వెళ్లిందంతే. బస్సు ఇంకా బస్టాండు ఆవరణలోనే ఉంది. భూమి పైపెంకు, అంటే భూపటలం, 180 మీటర్ల దగ్గర అయిపోతుంది. అక్కడి నుంచి మంగళగిరి దాటేదాకా, అంటే ఇంచుమించు 15వ కిలోమీటరు వరకు, అంతా పెంకు కింది మందపాటి రాతి పొర, భూప్రావారమే. ఆ తర్వాత పెదకాకాని దరిదాపుల దాకా కరిగిన ఇనుముతో నిండిన బాహ్య కేంద్రం. మిగిలిన ఆరేడు కిలోమీటర్లు గట్టి ఇనుప ముద్ద, అంతర కేంద్రం.

ఈ దారంతా కొలిచింది గడియారం. పెద్ద భూకంపం వచ్చినప్పుడు దాని తరంగాలు భూమి లోపలి నుంచి అన్ని దిక్కులకూ వెళ్తాయి. ఏ ఊళ్లో ఎన్ని సెకన్లకు చేరాయో రాసి పెట్టుకుంటే, దారిలో ఏం తగిలిందో వెనక్కి లెక్కగట్టవచ్చు.

ఈ తరంగాల్లో ముఖ్యమైనవి రెండు. పి తరంగం రాయిని ముందుకీ వెనక్కీ నొక్కుతూ పోతుంది. ఎస్ తరంగం అడ్డంగా ఊపుతూ పోతుంది. గిన్నెలో జున్ను పెట్టి గిన్నె అడుగును పక్కకి కదిపితే పైదాకా ఊగుతుంది. అదే గిన్నెలో నీళ్లు పోసి కదిపితే అడుగున కదిలిన కదలిక పై నీటికి అలా అందదు, నీళ్లు జారిపోతాయి. అంటే అడ్డం ఊపు పాకడానికి గట్టి పదార్థం కావాలి. ద్రవంలో ఎస్ తరంగం పోదు. ఈ ఒక్క ముక్క గట్టిగా గుర్తుపెట్టుకుంటే మిగతా కథంతా విడిపోతుంది.

ఈ కథకు మన దేశంలోనే గట్టి పునాది పడింది. 1897 జూన్ 12న అస్సాంలో మహా భూకంపం వచ్చింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేస్తున్న ఆర్.డి. ఓల్డ్‌హామ్ దాన్ని ఊరూరా తిరిగి అధ్యయనం చేశాడు. ఐరోపాలోని పరికరాల మీద పడిన ఆ భూకంపం గీతలు చూసి, పి, ఎస్, ఉపరితల తరంగాలు మూడూ వేరువేరుగా వస్తున్నాయని విడదీశాడు. 1906లో, భూమి అవతలి వైపుకి తరంగాలు రావలసినదానికన్నా ఆలస్యంగా వస్తున్నాయని, మధ్యలో వాటిని నెమ్మదింపజేసే కేంద్రం ఒకటి ఉండి తీరాలని చెప్పాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఈయన పేరు ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాలి.

1914లో బెనో గుటెన్‌బర్గ్ ఆ కేంద్రం అంచు 2,900 కిలోమీటర్ల లోతులో ఉందని లెక్క తేల్చాడు. నూరేళ్ల తర్వాత ఇప్పుడు వాడుతున్న విలువ 2,890 చిల్లర. ఆయన చేతిలో ఉన్నది మసి పట్టిన కాగితాల మీది గీతలు, గడియారాల సమయాలు మాత్రమేనని గుర్తుంచుకోండి.

ఆ అంచు దగ్గర జరిగేది ఇది. ఎస్ తరంగం అక్కడే ఆగిపోతుంది, అంటే దాని కింద ఉన్నది ద్రవం. భూప్రావారం అడుగున సెకనుకు 13.7 కిలోమీటర్ల వేగంతో వస్తున్న పి తరంగం, కరిగిన ఇనుములోకి దిగగానే 8 కిలోమీటర్లకు పడిపోతుంది. వేగం పడిపోతే దారి వంగుతుంది, నీళ్లలో పెట్టిన కర్ర వంగి కనిపించినట్టు. దాంతో భూకంప కేంద్రం నుంచి 104 డిగ్రీల దూరం మొదలుకొని 140 డిగ్రీల దాకా (ఇక్కడ డిగ్రీ అంటే భూమి మధ్య నుంచి కొలిచే కోణం, ఒక్కోటి నేల మీద దాదాపు 111 కిలోమీటర్లు) నేరుగా పి తరంగం చేరని ఒక పట్టీ ఏర్పడుతుంది. దాన్ని నీడ ప్రాంతం అంటారు. మన పిల్లలు ఎందరో ఉంటున్న కాలిఫోర్నియా విజయవాడకు 120 నుంచి 127 డిగ్రీల దూరంలో ఉంది, అంటే సరిగ్గా ఆ నీడలో. అక్కడ భూకంపం వస్తే నేరు పి తరంగం మన దగ్గరికి రాదు. అదే జపాన్‌లో, టోక్యో దగ్గర వస్తే 55 డిగ్రీల దూరమే కనుక తొమ్మిదిన్నర నిమిషాల్లో ఇక్కడుంటుంది. చిలీ మధ్య భాగం 150 డిగ్రీల దూరం. అక్కడి నుంచి వచ్చేది కేంద్రంలోంచి దూరి దాదాపు 20 నిమిషాలకు చేరుతుంది.

నీడలో ఏమీ కనిపించకూడదు కదా. కానీ 1929లో న్యూజిలాండ్‌లో వచ్చిన పెద్ద భూకంపం తాలూకు సన్నని పి గీతలు నీడ ప్రాంతంలోని కొన్ని పరికరాల మీద పడ్డాయి. చాలామంది వాటిని పెద్దగా పట్టించుకోలేదు. డెన్మార్క్‌కు చెందిన ఇంగె లేమాన్ వాటిని వదల్లేదు. కేంద్రం లోపల ఇంకో ముద్ద ఉండి, తరంగాలు దానికి తగిలి మళ్లితే తప్ప అవి అక్కడికి రాలేవని 1936లో లెక్క వేసి చూపించింది. అంతర కేంద్రం అలా బయటపడింది. దాని వ్యాసార్థం ఇప్పటి లెక్కలో 1,220 కిలోమీటర్లు.

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు భూకంపం వచ్చినప్పుడు మా వంటింట్లో ముందు గిన్నెలు సన్నగా గలగలమన్నాయి. కాసేపు ఆగి ఫ్యాను ఊగింది. రెండు భూకంపాలు వచ్చాయా?
— గృహిణి, పటమట, విజయవాడ

ఒక్కటేనండి. గిన్నెలను కదిపింది పి తరంగం, ఫ్యానుని ఊపింది వెనకాలే వచ్చిన ఎస్ తరంగం. ఆ రోజు 7.27కి వచ్చిన ఆ 5.3 తీవ్రత భూకంపం కేంద్రం విజయవాడకు దాదాపు 215 కిలోమీటర్లు. భూపటలంలో పి వేగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, ఎస్ వేగం 3.5. భాగిస్తే పి 36 సెకన్లకు, ఎస్ 61 సెకన్లకు చేరాలి. తేడా 25 సెకన్లు. (కేంద్రం ఎంత లోతున ఉందన్నది ఈ లెక్కలో వదిలేశాం.)

ఇంట్లో వాడుకోవడానికి తేలిక సూత్రం: రెండు కుదుపుల మధ్య సెకన్లను 8తో గుణిస్తే భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరంలో వచ్చిందో ఇంచుమించుగా తెలుస్తుంది. ఇది కొన్ని వందల కిలోమీటర్ల లోపే పనిచేస్తుంది. దూరం పెరిగితే తరంగాలు లోతైన పొరల్లోకి దిగి వేగం మారిపోతుంది. ఒక్క ఊరి నుంచి దూరమే తెలుస్తుంది, దిక్కు తెలియదు. మూడు ఊళ్ల నుంచి ఆ దూరాలతో మ్యాపు మీద మూడు వృత్తాలు గీస్తే కలిసే చోట భూకంప కేంద్రం ఉంటుంది.

మీ ప్రశ్న పుణ్యమా అని భూపటలం అడుగు ఎలా దొరికిందో కూడా చెప్పేయవచ్చు. 1909 అక్టోబరు 8న క్రొయేషియాలో భూకంపం వచ్చింది. జాగ్రెబ్‌లోని ఆండ్రియా మొహొరొవిచిచ్, చుట్టుపక్కల దేశాల పరికరాల గీతలు తెప్పించి చూశాడు. కొంత దూరం దాటిన ఊళ్లలో ఒక్క పి బదులు రెండు పి తరంగాలు కనిపించాయి. ఒకటి మామూలుగా వచ్చింది. ఇంకోటి దానికన్నా ముందే వచ్చేసింది.

ఊళ్లో రోడ్డు, బైపాస్ లెక్క ఇది. పక్క పేటకి వెళ్లాలంటే ఊళ్లో రోడ్డే త్వరగా చేరుస్తుంది. దూరం ఎక్కువైతే బైపాస్ ఎక్కడానికి, దిగడానికి పోయిన సమయం కూడా రాబట్టుకుని బైపాస్ బండే ముందు చేరుతుంది. భూపటలం 35 కిలోమీటర్లు, అందులో పి వేగం 6, దాని కింద 8 అనుకోండి. కిందకి దిగి పైకెక్కడానికి అదనంగా పట్టేది 7.7 సెకన్లు. 100 కిలోమీటర్ల దూరంలో నేరు దారి తరంగానికి 16.7 సెకన్లు, కింద దారి తరంగానికి 12.5కు 7.7 కలిపి 20.2 సెకన్లు. నేరు దారిదే గెలుపు. 300 కిలోమీటర్ల దగ్గర నేరు దారికి 50, కింద దారికి 45.2. ఇద్దరూ సమానంగా చేరే దూరం 185 కిలోమీటర్లు. ఈ గెలుపు మారే దూరాన్ని కొలిస్తే చాలు, పటలం మందం వచ్చేస్తుంది. మొహొరొవిచిచ్ తన ప్రాంతానికి 54 కిలోమీటర్లని తేల్చాడు. ఆ హద్దును ఇప్పటికీ ఆయన పేరుతోనే, కుదించి 'మోహో' అంటున్నారు.

మన దగ్గర ఇదే పనిని భూకంపాల కోసం ఎదురుచూడకుండా చేశారు. 1970లలో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, సోవియట్ శాస్త్రవేత్తల సహకారంతో, నెల్లూరు జిల్లా కావలి నుంచి కర్ణాటకలోని ఉడుపి దాకా దాదాపు 600 కిలోమీటర్ల గీత వెంట బోర్లలో మందు పేల్చి, నేల మీద వరసగా పేర్చిన జియోఫోన్లతో తిరుగు తరంగాలను పట్టుకుంది. ఆ గీత కింద మోహో 34 నుంచి 41 కిలోమీటర్ల లోతులో ఉందని తేలింది. హిమాలయాలు, టిబెట్ కింద అది 70 దాకా దిగుతుంది. బంగాళాఖాతం లాంటి సముద్రాల సంగతి వేరు. మహాసముద్రాల పటలం ఆరేడు కిలోమీటర్లే ఉంటుంది.

పిల్లల పుస్తకాల్లో భూప్రావారాన్ని ఎర్రగా, మండుతున్న లావాలా వేస్తారు. మనం లావా మీద తేలుతున్నట్టేనా?
— ఉపాధ్యాయుడు, తెనాలి

ఆ బొమ్మ వల్ల జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. భూప్రావారం గట్టి రాయి. అందులోంచి ఎస్ తరంగాలు 2,890 కిలోమీటర్ల దాకా నిక్షేపంగా వెళ్తున్నాయి. ద్రవమైతే మోహో దగ్గరే ఆగిపోవాలి.

గట్టిదే కానీ నెమ్మదిగా సాగుతుంది. రోడ్డు పక్క డ్రమ్ములోని తారును చూడండి. సుత్తితో కొడితే పెచ్చులుగా విరుగుతుంది. అదే డ్రమ్మును పక్కకి ఒరిగించి వారం వదిలేస్తే మెల్లగా కిందకి జారుతుంది. సెకన్లలో వచ్చే భూకంప తరంగానికి ప్రావారం గట్టి రాయి, లక్షల ఏళ్ల ఒత్తిడికి సాగే ముద్ద. ఆ సాగుడు ఏడాదికి సెంటీమీటర్లలో ఉంటుంది. మన భారత ఫలకం ఏడాదికి 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతున్నది ఈ వేగంతోనే, గోళ్లు పెరిగే లెక్కన.

మరి లావా ఎక్కడిది? ప్రెషర్ కుక్కర్ తీసుకోండి. లోపల నీళ్లు 120 డిగ్రీల దగ్గర కూడా మరగకుండా ఆగుతాయి, ఒత్తిడి వదిలితే ఒక్కసారిగా మరుగుతాయి. ప్రావారంలో వేడి రాయి పైకి జరిగే చోట, సముద్రం అడుగు చీలే చోట, ఒత్తిడి తగ్గి రాయిలో కొద్ది భాగం కరుగుతుంది. ఇంకోచోట సముద్రపు పలక కిందకి దిగుతూ తనతో నీటిని మోసుకెళ్తుంది. ఉప్పు కలిస్తే మంచు తక్కువ వేడికే కరిగినట్టు, నీళ్లు కలిసిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. అగ్నిపర్వతాలకు కావలసిన కరుగు రాయి ఈ కొద్ది చోట్లే పుడుతుంది. మీ తరగతిలో బొమ్మ వేయిస్తే భూప్రావారానికి ఆకుపచ్చ రంగు వేయించండి. దాని పై భాగంలో ఎక్కువగా ఉండే ఆలివిన్ ఖనిజం రంగు అదే.

మా మిరప చేలో 800 అడుగుల బోరు వేశాం. నీళ్లు గోరువెచ్చగా వస్తున్నాయి. కింద అగ్నిపర్వతం ఉందని ఊళ్లో అంటున్నారు.
— రైతు, ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా

లేదండి, నిశ్చింతగా ఉండండి. లోతుకి వెళ్లేకొద్దీ కిలోమీటరుకు 25 డిగ్రీల వరకు వేడి పెరగడం మామూలే. 800 అడుగులంటే 244 మీటర్లు, అంటే 6 డిగ్రీలు. మన దగ్గర నేల సగటు వేడి 28, 29 డిగ్రీలు ఉంటుంది కనుక నీళ్లు 35 దాకా రావచ్చు. చలికాలం తెల్లవారుజామున చేయి పెడితే అది ఇంకా వేడిగా తోస్తుంది. థర్మామీటరు పెట్టి చూడాలంటే మోటారు అరగంట ఆడిన తర్వాత, పైపు నోటి దగ్గరే చూడండి. మొదట్లో వచ్చేది పైపులో నిలవున్న నీరు, ఎండకి కాగి ఉంటుంది. 45 దాటి వస్తే అప్పుడు భూగర్భ జల శాఖ వారికి చెప్పాల్సిన సంగతి.

భూమి మధ్యలో ఇనుమే ఉందని ఎలా అంటారు? బంగారం ఉండకూడదా?
— బంగారం పనివారు, వన్‌టౌన్, విజయవాడ

మీరు నగను గాలిలో ఒకసారి, నీళ్లలో ఒకసారి తూచి బంగారం కల్తీ పట్టుకుంటారు కదా, భూమికి చేసిందీ అదే పరీక్ష. 1798లో హెన్రీ కావెండిష్ పెద్ద సీసపు గుండ్లు చిన్న గుండ్లను ఎంత ఆకర్షిస్తున్నాయో సన్నని తీగకు వేలాడదీసిన దండెతో కొలిచి, భూమి సాంద్రత నీటికి దాదాపు ఐదున్నర రెట్లని తేల్చాడు. ఇప్పటి విలువ 5.51. మన కాళ్ల కింది రాయి 2.7 మాత్రమే. అంటే లోపల ఎక్కడో చాలా బరువైనది దాగి ఉంది. అది ఎక్కడ ఉందో భూమి బొంగరంలా తిరిగే తీరు చెబుతుంది. లోపలంతా ఒకే బరువైతే 0.4 రావలసిన ఒక సంఖ్య 0.33 వస్తోంది. బరువంతా మధ్యకు చేరిందని దాని అర్థం.

ఇక ఏ లోహమన్నది. కేంద్రంలో సాంద్రత బయటి అంచున 9.9, నట్టనడుమ 13. మామూలు ఇనుము 7.87. దాన్ని అక్కడి ఒత్తిడితో నొక్కితే సరిగ్గా ఆ దరిదాపుల్లోకి వస్తుంది, తరంగాల వేగం కూడా కలుస్తుంది. బంగారం నొక్కకుండానే 19.3, అసలు పొసగదు. పైగా సూర్యుడిలో, ఉల్కల్లో ఇనుము విరివిగా ఉంది, బంగారం అతి స్వల్పం. అయితే బాహ్య కేంద్రం స్వచ్ఛమైన ఇనుము, నికెల్ కన్నా 5 నుంచి 10 శాతం తేలిక. గంధకం, సిలికాన్, ఆక్సిజన్ లాంటి తేలిక మూలకాలు కలిసి ఉండాలి, ఏది ఎంతన్న దాని మీద వాదన నడుస్తూనే ఉంది.

మీ ఊహలో ఒక నిజం లేకపోలేదు. భూమి కరిగి ఉన్న తొలినాళ్లలో ఇనుము కిందకి దిగుతూ, ఇనుముతో కలిసే గుణమున్న బంగారాన్ని కూడా తనతో తీసుకుపోయింది. భూమి బంగారంలో అత్యధిక భాగం అక్కడే ఉంది.

బయటి కేంద్రం కరిగిపోయి ఉంటే, ఇంకా వేడిగా ఉండే లోపలి కేంద్రం గట్టిగా ఎలా ఉంది?
— ఇంటర్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

ఒత్తిడి వల్ల. కేంద్రంలో ఒత్తిడి మన గాలి ఒత్తిడికి 36 లక్షల రెట్లు. లోతుతో పాటు వేడి పెరుగుతుంది, ఇనుము కరగడానికి కావలసిన వేడి అంతకన్నా వేగంగా పెరుగుతుంది. 5,150 కిలోమీటర్ల దగ్గర ఈ రెండు వేడులూ సమానమవుతాయి. అక్కడ వేడి 5,000 నుంచి 6,000 డిగ్రీల మధ్య ఉంటుంది. దాని కింద ఇనుము గడ్డకడుతుంది.

ఈ మాట ప్రయోగశాలలో పరీక్షించినదే, ఆ సాధనం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పిడికిలిలో పట్టే ఉక్కు డబ్బా, అందులో ఎదురెదురుగా మొనలు ఆనించిన రెండు వజ్రాలు. మొన వెడల్పు 0.1 మిల్లీమీటరు అనుకోండి. దాని మీద 80 కిలోల బరువు మోపితే చాలు, మన గాలి ఒత్తిడికి పది లక్షల రెట్ల ఒత్తిడి వస్తుంది. అది 2,200 కిలోమీటర్లకు పైబడిన లోతులో ఉండే ఒత్తిడి. మంత్రమేమీ లేదు, వైశాల్యం అంత తక్కువ. రీనియం అనే లోహపు రేకుకు జుట్టు మందం రంధ్రం చేసి నమూనాను అందులో ఉంచి, ఎలన్ కీతో స్క్రూలు కొద్దికొద్దిగా బిగిస్తారు. వజ్రం పారదర్శకం కాబట్టి లేజరుతో వేడి చేయవచ్చు, ఎక్స్ కిరణాలతో లోపలి అణువుల అమరిక చూడవచ్చు.

చెడేది ఎక్కువగా రెండు చోట్ల. మొనలు వెంట్రుకవాసి పక్కకి తప్పినా, బిగించేటప్పుడు ఒక స్క్రూ ఎక్కువ తిరిగినా వజ్రం పగులుతుంది. రేకు పలచబడి రంధ్రం ఒక పక్కకి పాకితే నమూనా జారిపోతుంది. 2004లో భూప్రావారం అట్టడుగున ఉండే కొత్త ఖనిజ రూపం బయటపడింది ఈ రకం సాధనంతోనే.

మన చుట్టుపక్కల భూమి లోతుల్లోంచి వచ్చిన వస్తువు ఏదైనా చేత్తో ముట్టుకోవచ్చా?
— డిగ్రీ విద్యార్థిని, కొండపల్లి

మీ ఊరి కొండే ఉందమ్మా. విజయవాడ, కొండపల్లి కొండల్లో ఖోండలైట్, చార్నకైట్ అనే రాళ్లు ఉంటాయి. ఇవి తూర్పు కనుమల రాళ్లు. దాదాపు 25 నుంచి 30 కిలోమీటర్ల లోతులో, 900 డిగ్రీల ప్రాంతపు వేడిలో తయారై, పైనున్నదంతా కోట్ల ఏళ్లలో కోసుకుపోతే బయటపడ్డాయి. కోలా బోరు చేరినదానికి రెట్టింపు లోతు నుంచి వచ్చిన రాయి మీ ఇంటి వెనక ఉంది. రోడ్డు కోసం కొండ కోసిన చోట తాజా ముఖం చూడండి. ఖోండలైట్‌లో మిరియం గింజంత ముదురెరుపు మచ్చలు గోమేదిక జాతి గార్నెట్లు, సన్నని తెల్ల పుల్లలు సిల్లిమనైట్. గాలికి, వానకి పాడైన పైముఖం తుప్పు రంగులో పొడిపొడిగా ఉంటుంది, దాన్ని చూసి గుర్తుపట్టలేరు. నల్లటి ఆకుపచ్చలో జిడ్డుగా మెరిసేది చార్నకైట్. కొల్‌కతాలోని జాబ్ చార్నాక్ సమాధి రాయిని బట్టి దానికి ఆ పేరు పెట్టారు.

ఇంకా లోతు కావాలంటే వజ్రం. వజ్రాలు సాధారణంగా 150 కిలోమీటర్లు, అంతకన్నా లోతున పుడతాయి. కింబర్లైట్ అనే శిల కరుగు వాటిని వేగంగా పైకి విసిరితేనే మిగులుతాయి, నెమ్మదిగా వస్తే దారిలోనే గ్రాఫైట్ అయిపోతాయి. అలాంటి కింబర్లైట్ గొట్టాలు అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఉన్నాయి. కృష్ణ ఒడ్డున పల్నాడులోని కొల్లూరులో మాత్రం వజ్రాలు ఏటి కంకరలో దొరికేవి. ఆ గని ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. శాస్త్రవేత్తలకు వజ్రం మెరుపు కన్నా అందులోని మచ్చ విలువైనది. 2014లో బ్రెజిల్ వజ్రం ఒకదానిలో చిక్కుకున్న రింగ్‌వుడైట్ రేణువు బయటపడింది. దాదాపు 520 నుంచి 660 కిలోమీటర్ల లోతులో ఉండే ఖనిజం అది, దాని నిర్మాణంలో ఒక శాతానికి పైగా నీరుంది. నగల వ్యాపారి పనికిరాదని పక్కన పెట్టే మచ్చ, భూప్రావారంలో నీరుందని చెప్పిన సాక్షి అయింది.

మా బడి సైన్సు ప్రదర్శనకు దూరపు భూకంపాలను పట్టే సీస్మోగ్రాఫ్ చేయాలనుకుంటున్నాం. ఎలా చేయాలి?
— తొమ్మిదో తరగతి విద్యార్థులు, మంగళగిరి

స్ప్రింగుకు బరువు వేలాడదీసే నమూనాతో దూరపు భూకంపాలు అందవు. దూరం నుంచి వచ్చే తరంగాలు ఒక్కో ఊపుకి 15, 20 సెకన్లు తీసుకుంటాయి. మీ లోలకం కూడా నెమ్మదిగా ఊగాలి. అందుకు తలుపులా పక్కకి ఊగే లోలకం చేయండి.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు కడప బండ తీసుకోండి. చెక్క వద్దు, వానాకాలం ఉబ్బుతుంది. దాని కింద మూడు 6 మిల్లీమీటర్ల స్క్రూలు, స్తంభం వైపు రెండు, ఎదుటి చివర ఒకటి, మధ్య 50 సెంటీమీటర్లు. 30 సెంటీమీటర్ల ఉక్కు స్తంభం నిలబెట్టి, 45 సెంటీమీటర్ల అడ్డ కడ్డీ మొనను స్తంభం అడుగున బేరింగ్ గుండుకు ఆనించండి. కడ్డీ మీద మొన నుంచి 40 సెంటీమీటర్ల దగ్గర 2 కిలోల బరువు బిగించి, అక్కడి నుంచి స్తంభం తలకు ఉక్కు తీగ కట్టండి.

ఇప్పుడు అసలు పని. స్తంభం ముందుకు ఒక డిగ్రీ వాలి ఉంటే ఊగే సమయం 9.6 సెకన్లు, అర డిగ్రీ అయితే 13.6. ఎదుటి స్క్రూ ఒక చుట్టు ఎత్తితే 0.11 డిగ్రీ మారుతుంది. ఒకేసారి తిప్పకండి. పావు చుట్టు తిప్పడం, స్టాప్‌వాచ్‌తో ఐదు ఊపులు కొలవడం. 12 సెకన్ల దగ్గర ఆపేయండి. ఇంకా సాగదీస్తే రాత్రి చలికి బండ కాస్త వంగినా కడ్డీ ఒక పక్కకి వెళ్లి కూర్చుంటుంది. అలా కూర్చుంటే వెనక రెండు స్క్రూలతో మధ్యకు తేవాలి.

చాలామంది వదిలేసేది ఆపుడు ఏర్పాటు. అది లేకపోతే ఒక్క కుదుపుకి లోలకం నిమిషాల తరబడి తన ఊపే తాను ఊగుతూ అసలు తరంగాన్ని కప్పేస్తుంది. కడ్డీ చివర 3 మిల్లీమీటర్ల రాగి రేకు తగిలించి రెండు నియోడైమియం అయస్కాంతాల మధ్య ఉంచండి. కడ్డీని సెంటీమీటరు పక్కకి లాగి వదిలితే మధ్య గీతను ఒక్కసారి దాటి ఆగాలి. ఎక్కువసార్లు దాటితే అయస్కాంతాలు దగ్గరికి జరపండి. కదలికను గీతగా మార్చడానికి సన్నని ఎనామెల్ తీగ రెండు వేల చుట్ల కాయిల్, దాని పక్కన కడ్డీకి చిన్న అయస్కాంతం, ఒక యాంప్లిఫయర్, కనీసం 16 బిట్ల కొలత బోర్డు, కంప్యూటరు. కంప్యూటరు గడియారం ఇంటర్నెట్ సమయంతో కలిసి ఉండాలి, లేకపోతే మీ గీత ఎంత అందంగా వచ్చినా లెక్కకు పనికిరాదు.

కింది అంతస్తులో, మెట్లకు దూరంగా, నేల మూలన పెట్టి థర్మోకోల్ పెట్టెతో మూయండి. ఫ్యాను గాలి, సాలీడు కూడా గీత గీస్తాయి. మీ దగ్గర జాతీయ రహదారి, రైలు మార్గం రెండూ ఉన్నాయి, వాటి గోల సెకనుకు ఒకటి కన్నా వేగంగా ఊగే అలల్లో ఉంటుంది కనుక సాఫ్ట్‌వేర్‌లో ఒక హెర్ట్జ్ పైదంతా కోసేయండి. దాంతో దూరపు భూకంపం పి తరంగం కూడా చాలావరకు పోతుంది. ఎస్, ఉపరితల తరంగాలు మిగులుతాయి. ఇండొనేషియాలోనో జపాన్‌లోనో 7 దాటిన భూకంపం వస్తే అవి స్పష్టంగా పడతాయి. వార్తల్లో చెప్పిన సమయం నుంచి మీ గీత మీది ఎస్ ఎన్ని నిమిషాలకు వచ్చిందో చూడండి. జపాన్‌దైతే 17 నిమిషాల దగ్గర ఉండాలి.

ఏ భూకంపమూ లేని రోజుల్లో కూడా గీత తిన్నగా ఉండదు. నాలుగు నుంచి ఎనిమిది సెకన్లకొకసారి సన్నగా వణుకుతుంటుంది. పరికరం చెడిందని విప్పేయకండి. బంగాళాఖాతం అలలు సముద్రం అడుగును కొట్టే చప్పుడు అది. తుపాను దగ్గరపడితే ఆ వణుకు లావెక్కుతుంది.